గ్రామ పాఠశాల నిర్వహణ – మన కర్తవ్యము

"బడి ఎవరిది?" అను ప్రశ్నను మన పల్లెలలో వేసినచో వెంటనే వచ్చు సమాధానము "సర్కారుది" అని. "గుడి ఎవరిది?" అని అడిగినచో ఆ ఊరివారే "మాది" అందురు. గుడి గోడకు సున్నము రాలినచో నలుగురు కూడి చందా వ్రాయుదురు. బడి కప్పునుండి నీరు కారినచో పిల్లలను ఒక మూలకు జరిపి, "పైవారు చూచుకొందురులే" అని ఊరకుందురు. ఈ రెండు సమాధానముల నడుమ గల దూరమే మన గ్రామ పాఠశాలల కష్టములకు మూలము. ఆ దూరమును తగ్గించు మార్గములను ఈ వ్యాసమున అధ్యయనము చేయుదము.

యాదగిరిగుట్ట పరిసరములు మన పాఠకులకు క్రొత్తవి కావు. గుట్టపై శ్రీ లక్ష్మీనృసింహస్వామి ఆలయముతో పాటు పర్వతవర్ధినీ సమేత రామలింగేశ్వరుని ఆలయమును కలదు. ఆలేరు సమీపమున గల కొలనుపాక, సోమేశ్వరాలయ ప్రసిద్ధిచేతను, శ్రీ రేణుకాచార్యుల ఆవిర్భావ స్థలమను విశ్వాసముచేతను వీరశైవులకు పూజ్యము. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతము 2016 అక్టోబరు నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. గుట్టపై పునర్నిర్మితమైన ప్రధానాలయము 2022 మార్చి 28న భక్తుల దర్శనమునకు తెరువబడినది. క్షేత్రము ఇంతగా శోభించుచున్న వేళ, ఆ క్షేత్రపు నీడలో పెరుగు పిల్లల బడి ఎట్లున్నదని విచారించుట భక్తునకు తగిన పనియే.

బడి క్షీణించు విధము

పల్లె బడి ఒక్కనాడు మూతపడదు. మొదట ఊరిలో కలిగిన కుటుంబములు తమ పిల్లలను పట్టణపు ప్రైవేటు బడి బస్సు ఎక్కించును. పిల్లల సంఖ్య తగ్గగా ఉపాధ్యాయుల సర్దుబాటులో ఒకరు వేరొక ఊరికి బదిలీ అగుదురు. మిగిలిన ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులను చూచుకొనవలెను. అది చూచి మరి నాలుగు కుటుంబములు బస్సును ఆశ్రయించును. తుదకు బస్సు రుసుము చెల్లింపజాలని కూలివారి బిడ్డలు మాత్రమే బడిలో మిగులుదురు. ఆ బడి గురించి గట్టిగా అడుగగల గొంతు ఊరిలో అప్పటికి ఉండదు. అడుగగలవారి పిల్లలు అక్కడ లేరు. అక్కడ పిల్లలున్నవారికి అడుగు ధైర్యము లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనను సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

కావున పాఠశాల నిర్వహణ యనగా రిజిష్టర్లు దిద్దుకొనుట మాత్రమే కాదు. బడిని ఎవరు తమదిగా భావింతురు, ఎవరు ప్రశ్నింతురు, ఎవరు చేయూతనిత్తురు అను వ్యవస్థయే నిర్వహణము.

సర్వేలు నేర్పిన పాఠము

మంచి బడి మన నేలపై సాధ్యము కాదని నిరాశ చెందువారు సర్వేలు గ్రామమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఈ గ్రామము నేడు మన జిల్లాలోనే, సంస్థాన్ నారాయణపురము మండలమున కలదు. 1971 నవంబరు 23న, శ్రీ పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలమున, నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు మొట్టమొదటి గురుకుల పాఠశాల ఇక్కడ ప్రారంభమయ్యెను. సర్వోదయ కార్యకర్త శ్రీ మద్ది నారాయణరెడ్డి గారు తమ భూమిని దీనికై దానమిచ్చిరి. ఈ దానమునకు ఇరువది సంవత్సరములకు పూర్వము, 1951 ఏప్రిల్ 18న, ఇదే ప్రాంతమున గల పోచంపల్లిలో శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాజీకి నూరు ఎకరములు సమర్పించి భూదానోద్యమమునకు నాంది పలికియుండిరి. అన్నార్తికి భూమినిచ్చిన నేలయే అక్షరార్తికిని భూమినిచ్చినది.

సర్వేలు తరువాత 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను గురుకులములు వెలసినవి. పి.వి. గారు 1985లో కేంద్ర మానవవనరుల శాఖను చేపట్టిరి. 1986 నాటి జాతీయ విద్యావిధానముతో దేశమంతట నవోదయ విద్యాలయముల విస్తరణ ఆరంభమైనది.

ఈ గురుకులముల విజయమునకు కారణములను విమర్శనాత్మకముగా చూడవలెను. అందు పిల్లలు పరీక్ష ద్వారా ఎంపికైనవారు. వసతి, భోజనము అక్కడనే. ఉపాధ్యాయులు విద్యార్థుల చెంతనే నివసించిరి. ఈ సౌకర్యములన్నియు సామాన్య గ్రామ పాఠశాలకు లభించునవి కావు. ఎంపిక చేయబడిన కొందరికి మేలు జరిగినంత మాత్రమున ఊరిలో మిగిలిన అందరికి జరిగినట్లు కాదు. అయినను మూడు విషయములను ప్రతి పల్లె బడియు గ్రహింపవచ్చును. దాత భూమినిచ్చి అధికారమును కోరకుండుట ఒకటి. ఉపాధ్యాయుడు పిల్లలకు అందుబాటులో ఉండుట రెండవది. దినచర్య గడియారము ననుసరించి నడచుట మూడవది. ఈ మూడింటికి కోట్ల ధనము అవసరము లేదు.

చట్టము మన చేతికిచ్చిన అధికారము

తల్లిదండ్రులకు బడిపై హక్కు లేదనుకొనుట పొరపాటు. 1998 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమొకటి పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యమును గుర్తించి, తల్లిదండ్రులతో విద్యా కమిటీలను ఏర్పరచినది. తదుపరి 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 21వ విభాగమున పాఠశాల యాజమాన్య సంఘమును విధించినది. ఈ సంఘమున కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బలహీన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి స్థానము కలదు. బడి పనితీరును పరిశీలించుట, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన నిధుల వినియోగమును గమనించుట ఈ సంఘపు విధులు.

తెలంగాణమున 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన "మన ఊరు – మన బడి" కార్యక్రమము 26,065 పాఠశాలలను మూడు విడతలుగా బాగుచేయు సంకల్పముతో, నీటి వసతి గల మరుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, ప్రహరి, వంటగది మున్నగు పండ్రెండు అంశములను పేర్కొన్నది. 2024లో ప్రభుత్వము అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను నెలకొల్పి, మహిళా సంఘముల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి ఆ కమిటీ అధ్యక్షతను, ప్రధానోపాధ్యాయునకు సభ్య కన్వీనరు బాధ్యతను ఒప్పగించినది. ఆ వేసవిలో బడుల మరమ్మతులు ఈ కమిటీల ద్వారా జరిగినవి. పేర్లు మారవచ్చును, ప్రభుత్వములు మారవచ్చును. కాని "బడి తల్లిదండ్రులది" అను సూత్రము నాటినుండి నేటివరకు నిలిచియే యున్నది.

ఆచరణలో ఏమి జరుగుచున్నది? అనేక చోట్ల తీర్మానముల పుస్తకము ఇంటింటికి తిరిగి సంతకములు సేకరించుకొని వచ్చును. సభ మాత్రము జరుగదు. సంతకము చేసిన తల్లికి తాను సభ్యురాలనని కూడ తెలియదు. చట్టము ఇచ్చిన అధికారము ఇట్లు పుస్తకములోనే నిద్రించుచున్నది. దానిని మేల్కొలుపుటకు సభ, లెక్క, వాతావరణము అను మూడింటిని సరిదిద్దుకొనవలెను.

మొదటిది : సభ

సభను ఎట్లు నడుపవలెనో వీరశైవులకు ఇతరులు నేర్పనక్కరలేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడై యుండగా, చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, స్త్రీయగు అక్కమహాదేవి సమానముగా కూర్చుండి తమ అనుభవమును పలికిరని సంప్రదాయము చెప్పుచున్నది. మాటకు విలువ పుట్టుకను బట్టి గాక, అనుభవమును బట్టి కలిగెను. బడి సభయందును ఇదే న్యాయము. పిల్లవాడు ఏ వేళ ఆకలితో ఏడ్చునో, ఏ పాఠము చదువలేక పుస్తకము దాచునో తల్లికి తెలిసినట్లు అధికారికి తెలియదు. ఆ అనుభవము సభలోనికి రావలెను.

అందుకు కొన్ని చిన్న నియమములు చాలును. సభ ప్రతి నెల ఒకే తిథిన, ఒకే వేళ జరుగవలెను. కూలికి పోవు తల్లులు పగటిపూట రాజాలరు. పనులనుండి తిరిగివచ్చు సంధ్యవేళయే అనుకూలము. అందరును ఒకే జంబుఖానాపై వలయముగా కూర్చుండవలెను. కొందరికి కుర్చీలు, కొందరికి నేల అయినచో నేలపై కూర్చున్నవారు నోరు విప్పరు. చర్చకు మూడు విషయములకు మించి పెట్టుకొనరాదు. చేసిన తీర్మానమును తెనుగున వ్రాసి, సంతకములకు ముందు గట్టిగా చదివి వినిపింపవలెను. తదుపరి సభ గత తీర్మానములలో ఏవి నెరవేరినవి, ఏవి నెరవేరలేదను ప్రశ్నతోనే ఆరంభము కావలెను. ఈ చివరి నియమమొక్కటి పాటించినను సభకు ప్రాణము వచ్చును.

సభ్యులు తమ హద్దులను కూడ ఎరుగవలెను. ఉపాధ్యాయుని నియమించుట, తొలగించుట సంఘపు పని కాదు. తరగతిలో దూరి పిల్లల యెదుట ఉపాధ్యాయుని నిలదీయుట బడికి మేలు చేయదు. చట్టమందలి 24వ విభాగము ఉపాధ్యాయుడు వేళకు వచ్చుట, పాఠ్యభాగమును పూర్తిచేయుట, పిల్లవాని ప్రగతిని తల్లిదండ్రులకు తెలుపుట అతని విధులని చెప్పినది. అట్లే 27వ విభాగము జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుని వినియోగింపరాదని శాసించినది. సంఘము మొదటిదానిని వినయముతో అడుగవలెను. రెండవదాని విషయమున ఉపాధ్యాయుని పక్షమున నిలువవలెను. అప్పుడు ఉపాధ్యాయుడు సంఘమును శత్రువుగా చూడడు.

రెండవది : లెక్క

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన యిండ్లలో అందరెరిగినదే. రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చి జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తేగా, లక్కమ్మ ఆ అధికమును అంగీకరింపక, తెచ్చినచోటనే వదలి రమ్మని భర్తను తిప్పిపంపినది. అవసరమునకు మించినది ఆశయగునని ఆమె భావము. కొలత తెలిసిన ఇల్లాలు ఆమె. బడి సొమ్మునకు అట్టి కాపలాదారు కావలెను.

బడికి వచ్చు నిధి ఎంత, ఏ పనికి వచ్చినది, ఎంత ఖర్చయినది, ఎంత మిగిలినది అను నాలుగు పంక్తులను గోడపై నల్లబల్లమీద వ్రాయించినచో చాలును. లెక్క నలుగురి కంటబడిన చోట అనుమానమునకు తావుండదు. నిజాయితీ గల ప్రధానోపాధ్యాయునకు ఇది రక్షణయే గాని అవమానము కాదు. మధ్యాహ్న భోజనమునకు బియ్యము ఎంత వచ్చినది, ఆనాడు ఎందరు భుజించిరి అను అంకెలును ఆ బల్లపైననే ఉండవచ్చును. మన రాష్ట్రమున వండిన అన్నము పెట్టు పథకము 2001 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వును అనుసరించి 2003 జనవరిలో ఆరంభమైనది. పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుండి భుజించుట కూడ ఒక పాఠమే. ఆ పంక్తిలో భేదము చూపినచో బడి తన మొదటి పాఠమునందే తప్పినట్లు.

సొమ్ము లెక్కకంటె విలువైన లెక్క మరియొకటి కలదు. అది కాలపు లెక్క. విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రకారము ఒకటి నుండి ఐదు తరగతులకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెను. అనగా దినమునకు 4 గంటలు. తాళపుచెవి ఆలస్యముగా వచ్చుట, పిల్లలు నీటికై పోవుట, ప్రార్థన సాగదీయుట వలన దినమునకు అరగంట పోయినదనుకొందము. 200 దినములకు 100 గంటలు పోవును. అది 25 బడి దినములకు సమానము! ఒక నెల చదువును మనము ఎవరికిని తెలియకుండ పారవేయుచున్నాము. బియ్యపు గింజను ఏరిన వారి వారసులము గంటలను ఏరుకొనలేమా?

మూడవది : వాతావరణము

బడి వాతావరణమనగా రంగుల గోడలని కొందరి తలంపు. రంగులు ముచ్చటైనవే. కాని పిల్లవానికి మొదట కావలసినది నీరు, నీడ, శుభ్రత, నిర్భయము.

నల్లగొండ సీమ నీటిలోని ఫ్లోరైడు పిల్లల పండ్లను గారపట్టించి, ఎముకలను వంచిన చరిత్ర మనకు తెలియనిది కాదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాముకంటె ఎక్కువ ఫ్లోరైడు ఉండుట మంచిది కాదనియు, వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములు తుది హద్దనియు ప్రమాణములు చెప్పుచున్నవి. పటిక, సున్నముతో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందింపగా దానికి "నల్లగొండ పద్ధతి" అను పేరే ప్రపంచమున స్థిరపడినది. మన కష్టము మన జిల్లా పేరును శాస్త్రగ్రంథముల కెక్కించినది. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా నదీజలము ఊళ్లకు వచ్చుచున్నను, కుళాయి రాని దినమున పిల్లలు బోరింగునే ఆశ్రయింతురు. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదని ప్రతి తల్లియు తెలిసికొనవలెను; నీరు ఆవిరియగుకొలది అది ఇంకను చిక్కబడును. శాశ్వత దంతములు రూపొందు వయస్సు బడి వయస్సే. కావున బడి బోరింగు నీటిని పరీక్ష చేయించి, ఫలితమును దానిపైననే వ్రాయించుట సంఘపు తొలి తీర్మానము కావలెను.

తరువాతిది మరుగుదొడ్డి. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. కట్టినవి కలవు, తెరచినవి ఎన్ని? నేను పనిచేసిన ఒక బడిలో తనిఖీల కొరకు మరుగుదొడ్డిని శుభ్రముగా ఉంచవలెనని దానికి తాళము వేసి ఉంచెడివారు. ఒక నెల సభలో ఏడవ తరగతి బాలిక తల్లి లేచి, "తాళమెందుకు సారూ? అవసరమైతే నా బిడ్డ ఇంటికొస్తది. ఇంటికొచ్చిన పిల్ల మళ్ల బడికి పోతదా? గా తాళంచెవి నాకియ్యుండ్రి" అని అడిగెను. సభలో ఒక్క క్షణము మౌనము. మరునాటినుండి తాళపుచెవి ఆమె చేతిలో ఉండెను. ఇద్దరు తల్లులు వారమున కొకరు చొప్పున బాధ్యత వహించిరి. నీటి తొట్టికి గొట్టము వేయుటకు ఊరివారే ఖర్చు పెట్టిరి. మధ్యాహ్నపు హాజరులో బాలికల సంఖ్య ఉదయపు హాజరుతో సమానమగుటకు రెండు నెలలు పట్టెను. పెద్ద పథకమేదియు అక్కడ రాలేదు. తాళపుచెవి సరియైన చేతికి చేరినది, అంతే.

ఇక నిర్భయము. బెత్తము లేనిదే విద్య రాదను పాత నమ్మకము ఇంకను కొందరిలో కలదు. చట్టమందలి 17వ విభాగము శారీరక దండనను, మానసిక హింసను నిషేధించినది. చట్టము అట్లుండనిండు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమందలి గొడగూచి కథను స్మరింపుడు. తండ్రి ఊరికి పోవుచు శివునకు దినము పాలు నివేదింపుమని చెప్పగా, ఆ పసిబిడ్డ దేవుడు నిజముగా త్రాగునని నమ్మినది, త్రాగించినది. తిరిగివచ్చిన తండ్రి ఆమె మాటను నమ్మక దండింపబోయెను. కథలో నిజము పలికినది బిడ్డ, పొరపడినది పెద్దవాడు. బడిలో పిల్లవాడు "నాకు రాలేదు" అన్నప్పుడు, "నాకు భయము" అన్నప్పుడు మనము ఆ తండ్రివలె చెయ్యెత్తుదుమా, లేక విందుమా? వినుటయే బోధనకు మొదటి మెట్టు.

తరగతి గదిలో

చట్టపు అనుబంధము ప్రకారము 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు ఐదు. ఇద్దరును ప్రతి దినము వచ్చినను, 4 గంటలలో ఒక్కొక్క తరగతికి ప్రత్యక్ష బోధన గంటన్నరకు కొంచెము పైగా మాత్రమే దక్కును. మిగిలిన కాలమున పిల్లలు ఏమి చేయుదురన్నదే నిర్వహణకు అసలు పరీక్ష. చేతికందు ఎత్తున కథల పుస్తకముల అలమర ఉన్నచో, పెద్ద తరగతి పిల్లవాడు చిన్నవానిచే చదివించుట అలవాటైనచో, ఆ కాలము వ్యర్థము కాదు. అలమరకు తాళము వేసినచో మరుగుదొడ్డి కథయే మరల జరుగును.

2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఆంగ్లమున ఉన్న పుస్తకములను ఇచ్చిరి. ఆ రెండు పుటల పుస్తకము మంచి సాధనము. తెలుగు పుటను అర్థముతో చదివిన పిల్లవాడు ఆంగ్ల పుటకు ధైర్యముగా పోగలడు. తెలుగు రానివానికి రెండు పుటలును గోడలే. మాధ్యమమును గూర్చి వాదించుటకంటె, మూడవ తరగతి బిడ్డ ఇంటివద్ద ఒక పుటను తడబడక చదువగలుగుచున్నాడా అని ప్రతి తండ్రియు వారమునకొకసారి వినుట మేలు.

బడికి రాని పిల్లలు

గుట్టకు శని, ఆదివారములందును, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవములందును యాత్రికులు వేలుగా వత్తురు. అది పదవ తరగతి పరీక్షలు సమీపించు కాలము. కొబ్బరికాయల దుకాణమున చేయి సాయము కొరకు పిల్లవాడు బడి మానుట ఆ దినములందు సామాన్యము. ఇంటి కాయకమున పిల్లలు చేయి కలుపుట తప్పు కాదు; బడి వేళను దుకాణమునకిచ్చుట తప్పు. కాయకము పవిత్రమనుట పెద్దల శ్రమను గౌరవించుటకు గాని, పసివారి బాల్యమును అమ్ముటకు కాదు. విద్యార్థికి విద్యయే కాయకము.

భువనగిరి ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు తరలివచ్చును. పాలమూరునుండి మన కుటుంబములే దూరదేశములకు కూలికి పోవును. వచ్చినవారి బిడ్డకును పోయినవారి బిడ్డకును బడి తెగిపోవుచున్నది. బట్టీల వద్దనే ఒడియా భాషలో బడులు నడిపిన ప్రయత్నము ఈ ప్రాంతమున జరిగినది. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, శ్రీమతి శాంతాసిన్హా గారి నాయకత్వమున, బడి బయటనున్న ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయేనని భావించి, శిబిరములలో కొంతకాలము చదివించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించినది. ఆ సేవకు 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను. పేదవాడు పిల్లలను చదివింపగోరడను మాట అబద్ధమని ఆ కృషి నిరూపించినది.

మఠములు, కుటుంబములు చేయదగినది

విద్యాదాసోహము మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు కూడి స్థాపించిన కె.ఎల్.ఇ. సంస్థను కన్నడ దేశము నేటికిని స్మరించుచున్నది. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతి శ్రీ శివకుమార స్వామివారు 2019 జనవరి 21న లింగైక్యము చెందువరకు కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును నడిపించిరి.

మన చిన్న మఠములు అంత చేయలేకపోవచ్చును. కాని మఠమునకు ఒక మండపము కలదు, ఒక దీపము కలదు. సాయంకాలము రెండు గంటలు ఆ మండపమున ఊరి పిల్లలందరు కూర్చుండి చదువుకొననిండు. ఇంట వెలుతురు, చోటు, నిశ్శబ్దము లేని బిడ్డకు అదియే గురుకులము. అచ్చట లింగధారులు, ఇతరులు అను భేదము వలదు. మన బిడ్డలకు మాత్రమే ఇచ్చునది దాసోహము కాదు, ఇంటి ఖర్చు మాత్రమే.

దాతలకు ఒక విన్నపము. శిలాఫలకము చెక్కించుటకు వీలైన దానములనే చేయుట మనకు వాడుక. బడికి నిజముగా కావలసినవి ఫలకమునకెక్కనివి: కుళాయికి మరమ్మతు, మరుగుదొడ్డిని కడుగువారికి న్యాయమైన కూలి, చీపుర్లు, సబ్బు, కథల పుస్తకములు. సర్వేలు దాత భూమినిచ్చి ప్రక్కకు తొలగెను. ఇచ్చి తొలగుటయే ఉత్తమ దానము.

చివరకు కొందరి మనస్సులోని మాట: "మా పిల్లలు వెళ్లని బడితో మాకేమి పని?" పని కలదు. ఆ బడిలో చదువు రాని బిడ్డ మన పొలమున, మన దుకాణమున, మన వీధిలోనే పెరుగును. ఆ బడి మూతపడినచో రేపు మన యింటి పేదబిడ్డకును దారి మూతపడును. తన బిడ్డ లేని బడికై లేచి మాటాడినవానిదే నిజమైన శరణ లక్షణము.

మనన ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలను కుటుంబమున గాని, మఠమందలి గోష్ఠిలో గాని చర్చింప ప్రార్థన.

1. మీ ఊరి బడి కమిటీ సభ్యులెవరు? గత సభ ఎప్పుడు జరిగినది? అందలి తీర్మానములలో ఏవి నెరవేరినవి?

2. బడి బోరింగు నీటిని చివరగా ఎప్పుడు పరీక్షించిరి? ఫలితము ఎవరికి తెలియును?

3. మరుగుదొడ్డి తాళపుచెవి, పుస్తకముల అలమర తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నవి?

4. నిన్నటి దినమున మీ ఊరి బడిలో ఎంత కాలము బోధన జరిగినది? పోయిన కాలము ఎట్లు పోయినది?

5. మీ వీధిలో బడికి పోని బిడ్డ ఎవరైన కలరా? వారి యింటికి మీలో ఎవరు, ఏనాడు వెళ్లుదురు?

అయిదవ ప్రశ్నకు సమాధానముగా ఒక పేరును, ఒక తేదీని నిశ్చయించుకొనిన పిదపనే గోష్ఠిని ముగింపుడు.

శరణు శరణార్థులు.